మూడో పన్ను, ఏడో పన్ను

పర్వతాలు మీట ఒత్తితె
గెట్టవతల జంగిలమ్మ మోటరు మొదలైంది.
నాలుగొద్దులు ఇట్లనే.
ఆమె పల్లిచేను తడిసి తడిసి పసుపు పట్టింది,
ఈయన నారుమడి నోరు తెరిచింది.
అయిదోనాడు ఇద్దరూ కల్వకుర్తికొచ్చి
నా కౌంటరు మీద రిమోట్లు పడేసిన్రు.
ఒకే అట్టడబ్బాల సరుకు. అమ్మింది నేనే.

"గాలిని గూడ కబ్జా పెట్టిండు" అన్నదామె.
"గాలికి పట్టా ఎవలిచ్చిన్రు నీకు?" అన్నడాయన.

వాటి వీపులు ఇప్పిన.
లోపల ఎనిమిది తెల్లపండ్లు, గోరంతవి,
అన్నీ ఒక్కదిక్కే ఒరిగి ఉన్నయి.
ఒకదాంట్ల మూడోది లేపిన,
ఇంకోదాంట్ల ఏడోది.
"ఇగ మీ పేర్లు వేరు, పోండ్రి."
పైసలు తీసుకోలె.

వారం తిరగకముందే ఫోను.
కరెంటు పోయొచ్చినప్పుడల్లా
ఏ మోటరూ లేస్తలేదంట.
చారకొండ దాంక బండి మీద పోయిన,
ఎండ సీటును కాల్చింది.

గెట్టు మీద నిలబడి చెప్పిన:
పేర్లు వేరే గని బాట ఒక్కటే.
ఇద్దరొక్కసారి పిలిస్తె మోటరుకు ఇద్దరూ ఇనపడరు.
కంపెనీలోళ్ళ బాటలు వేరే ఉన్నయి,
వేలంల కోట్లు పోసి కొనుక్కున్నయి.
మనకిడిసిపెట్టింది గింత గైరాను.
కారు తాళంచెవి అండ్లనే మేస్తది,
ఫంక్షన్‌హాలు గేటు, పిల్లగాని బొమ్మ జీపు,
అన్నీ అండ్లనే.

జంగిలమ్మ కొంగు నెత్తికేసుకున్నది.
"మా మామ నీరటిపని చేసెటోడు.
నీడను అడుగులతోని కొలిచి తూము ఇడిసెటోడు.
గాలికి నీడ ఉంటదా సేటూ?"
నా దగ్గర జవాబు లేదు.
ఆమెనే పర్వతాలు దిక్కు తిరిగింది.
"కరెంటు రాంగనె నువ్వు బీడీ ముట్టియ్యి.
అదంటుకునే లోపల నాది ఒత్తుకుంట."
"బీడీ బంద్ జేసి రెండేండ్లాయె."
"అయితె ఊకె నిలబడు, ముట్టిచ్చినట్టు."

అప్పుడే డబ్బా మీద ఎర్రలైటు ఎలిగింది.
ఆయన నిలబడ్డడు.
ఆమె గూడ నిలబడ్డది,
ముందుగాల ఆయనే ఒత్తుకోనీ అని.
రెండు బొటనవేళ్ళు లేచి ఉన్నయి.
ఏ బాయీ పలకలె.
ఉప్పుపిట్టొకటి పైపు మూతి మీద వాలి
లోపలికి తొంగిచూసింది.

ఇరవై ఏండ్లుగ ఈ డబ్బాలమ్ముతున్న.
అండ్ల ఏం పారుతదో
ఒక్కనాడు గూడ ఇనలేదు.
ఆ ఖాళీలకెల్లి
ఊళ్ళె ఎవలిదో కారు
కుయ్యిమని తెరుసుకున్నది.