నకలు కోసం

ముందు నంబరు అడుగుతారు.
పేరు చెప్పకు, ఊరు చెప్పకు, ఎవరి కూతురివో చెప్పకు.
సి.సి. నంబరు, పక్కన ఏడాది.
అది లేకపోతే క్రైం నంబరు, స్టేషను పేరు.
అదీ లేకపోతే
భీమిలి కోర్టు వరండాలో బల్ల మీద
నాలా కూచోవాలి,
గాలి తగలని చోట, ఫ్యాను చప్పుడు వినబడే చోట.

కంప్యూటరు దగ్గర కుర్రాడు మంచివాడే.
నాన్న పేరు కొట్టాడు. చోడిపల్లి ఎల్లాజీ.
ఎల్లాజీని ఇంగ్లీషులో మూడు రకాలుగా రాయొచ్చని
ఆ రోజే తెలిసింది నాకు.
మూడింటిలోనూ నాన్న లేడు.
"పాతవి ఇందులోకి ఎక్కలేదమ్మా,
ఎనభై తొమ్మిదో తొంభయ్యో అంటే
నేనింకా పుట్టలేదు."
నేను పుట్టాను.
అమ్మ చంకనెక్కి ఇదే వరండాకి వచ్చానట,
ఏడిస్తే జవాను బయటికి పొమ్మన్నాడట.

బయట జిరాక్సు కొట్టు పక్కన
అర్జీలు రాసే బెండి సన్యాసినాయుడు
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు:
"కేసేటి?"
దొంగతనమండీ.
ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు.
"ఏటి పట్టుకుపోనాడు?"
బోటు ఇంజనటండీ.
"ఒక్కడేనా?"
ఒక్కడేనండీ.
పెన్ను ఆపి కాసేపు సముద్రం వైపు చూశాడు.
"నలభై కిలోలుంటాది కదమ్మా అది."

మా మంగమారిపేటలో ఈ మాట ఎవరూ అనలేదు.
ఇంజనెల్లాజీ అన్నారు.
ఇంజనోడి కూతురన్నారు.
చేపల పాటలో నా గంప దగ్గరికొచ్చి
తూకం రాయి రెండుసార్లు చూసుకున్నారు.

కారణం అనే గడి ఒకటుంటుంది అర్జీలో.
సొంత అవసరం నిమిత్తం, అని రాయించు.
అంతకన్నా పొడుగ్గా రాస్తే పట్టదు.

ఏడాది కోసం అమ్మనడిగాను.
అమ్మకి తారీఖులు లేవు, సామాన్లున్నాయి.
"ఇత్తడి బిందికి ఒక వాయిదా.
కమ్మలకి రెండు.
నీ కాలి మువ్వలు ఆఖరి వాయిదా."
రేకు పెట్టె అడుగున తాకట్టు చీటీలు పదకొండు,
విడిపించనివన్నీ.
మువ్వల చీటీ మీద మార్వాడీ చేతి రాత,
తొంభై ఒకటి, ఆగస్టు పద్నాలుగు.

రికార్డు రూములో కాంతిమతి గారు
తడి స్పాంజిలో వేలద్ది రిజిస్టరు తిప్పారు.
ఉప్పుగాలికి అట్ట ఉబ్బింది,
ఒక మూల ఎలక తినేసింది.
ఆగస్టు పదిహేను సెలవు.
పదహారులో లేదు.
పంతొమ్మిదిలో ఉంది, ఒక్క లైను.
నాన్న పేరు, మూడువందల డెబ్బైతొమ్మిది,
చివరి గడిలో ఎర్ర సిరా.
"సాక్షులు ఎదురు తిరిగారు. కేసు కొట్టేశారమ్మా."

ఫైలేది?
"కాలం తీరినవి తీసేశారు. ఈ లైనే మిగిలింది."

అమ్మకి చెప్పాను. చాలాసేపు పలకలేదు.
"ఆ రోజు దొరగారేదో ఇంగ్లీషులో అన్నారు.
ప్లీడరు, ఇక ఎల్లండన్నాడు. ఎల్లిపోనాం.
మళ్ళీ వాయిదాకి కబురొస్తాదనుకున్నాం."

కబురు రాలేదు.
నాన్న మాత్రం ఎదురు చూస్తూనే ఉన్నాడు.
రోడ్డు మీద జీపు చప్పుడైతే
బోర్లించిన తెప్ప చాటుకి పోయేవాడు,
ఎవరికి అన్నం పెట్టిన జీపో చూడకుండా,
ఒకసారి ఎన్నికల జీపుకి,
ఒకసారి పోలియో చుక్కల జీపుకి.
వేరావల్ వేటకెళ్ళి ఏడాదికి రెండు నెలలే ఇంట్లో ఉండేవాడు.
ఆ రెండు నెలలూ చెప్పులు తలగడ దగ్గరే.
పోయిన రాత్రి కూడా అక్కడే ఉన్నాయి.

నకలు ఎనిమిది రోజులకిచ్చారు.
గుండ్రటి సీలు, నిజ నకలు అనే ముద్ర,
సంతకం చేసిచ్చే పుస్తకంలో
అర్జీదారుకి ఏమవుతారు అన్నచోట
కూతురు అని రాశాను, కాస్త పెద్దక్షరాలతో.

నువ్వూ ఎవరినైనా వెతకాల్సొస్తే
రెండో శనివారం వెళ్ళకు.
స్టాంపు ముందే అంటించుకో,
చిల్లర పట్టుకెళ్ళు.
ఇంట్లో పాత తాకట్టు చీటీలుంటే
పారేయకు.