చేతివాటం

ఫిబ్రవరి. తుర్కు రేవులో మంచు విరుగుతున్న చప్పుడు
మూడో అంతస్తు దాకా వినిపిస్తోంది.
ఈ కుర్చీ నాకిచ్చారు. కుర్చీతోపాటు
డిసెంబరులో రిటైరైన వెయ్యో హక్కోలా కంప్యూటర్.
మనిషిని నేను చూడలేదు.

వృత్తం వస్తుందని సీ నొక్కాను,
పడవలో ఒక తలుపు చెరిగిపోయింది.
కొలత వేద్దామని డీ నొక్కాను,
ముందుభాగమంతా అద్దంలోలా తిరగబడింది.
"రీసెట్ కొట్టెయ్, రెండు నిమిషాల పని,"
పక్క బల్ల మీంచి తల తిప్పకుండా తెప్పో.

కొట్టే ముందు ఫైలు తెరిచాను.
ఒక అక్షరం, కామా, చుక్క, ఆ పక్కన ఆజ్ఞ.
అలా ఎన్ని వరుసలో. ఇరవై ఆరేళ్లు
ఒక ముక్క ఇక్కడా ఒక ముక్క అక్కడా కలుపుకుంటూ.
సెమికోలన్ దాటాక యంత్రం చదవదు.
అక్కడే ఆయన మాట్లాడాడు:

; వీ అంటే వీవా, గీత. దీనికి వివరణ అక్కర్లేదు.
; టీ, తకాయ్‌సిన్. వెనక్కి. రోజుకి నాలుగొందలసార్లు.
; వృత్తానికి బీ. మన మాటకి వై ఉండాలి,
కానీ వై నదికి అవతల ఉంది.
; దీన్ని కదపకు. ఎందుకో మర్చిపోయాను.

నది అవతల అంటే కుడిచెయ్యి.
అది మౌసుని వదలదు.
మొత్తం కొట్టినపిండి అంతా
ఎడమచేతి జానెడు మేరలో.

అందులో ఒక ఖాళీ.
డబ్ల్యూ, ఎస్, ఎక్స్. ఒక్క ఆజ్ఞా లేదు.
డబ్ల్యూ, ఎక్స్ మా ఫిన్నిష్‌కి దాదాపు చుట్టాలే కాదు, సరే.
ఎస్ ఏం పాపం చేసింది?
కీబోర్డు ఎత్తి దీపం కింద చూశాను.
ఏ అరిగి నున్నబడింది, ఈ సగమే మిగిలింది,
ఈ మూడూ నిన్న అచ్చేసినట్టున్నాయి.
వేళ్లు ఆన్చి చూసుకున్నాను.
ఆ వరుస ఉంగరపు వేలిది.

ఆ తర్వాత నాకు నేనే కథ కట్టుకున్నాను:
కుర్రతనం, ఉక్కు రేకులు వంచే షెడ్డు,
ఎవరో అరవడం, ఒక చేతి తొడుగు.
ఎవర్నీ అడగలేదు.
ఒకరి గాయంలో వేలు పెట్టడం మర్యాద కాదని.
రీసెట్టూ కొట్టలేదు.
ఆయన మీటలే నేర్చుకున్నాను,
నేర్చుకుంటున్నంతకాలం నా ఉంగరపు వేలు
గాలిలో లేపి ఉంచాను,
రానివాడి కుర్చీ ఖాళీగా వదిలినట్టు.

మార్చి ఆఖర్లో వచ్చాడు, యాలకుల బన్నుల సంచితో.
చేతి తొడుగులు తీశాడు.
సిగ్గు లేకుండా లెక్కపెట్టాను.
ఐదు. మళ్లీ ఐదు.

"ఏం వెతుకుతున్నావు?"
చెప్పాను. అంతా చెప్పాను, షెడ్డుతో సహా.
బల్ల పట్టుకుని, తుమ్ము ఆపుకున్నట్టు నవ్వాడు.
"తొంభై ఎనిమిదిలో కైసు ఇక్కడ కాఫీ ఒలకబోసింది.
మూడు మీటలు బిగుసుకుపోయాయి.
కొత్త కీబోర్డు వచ్చేసరికి వేసవి.
అప్పటికి చెయ్యి తన దారి తను చూసుకుంది.
తర్వాత ఐదు కీబోర్డులు మారాయిలే."

"ఒలకబోసింది నేను కాదు,"
ప్లాటర్ వెనకనించి కైసు గొంతు.
ఇది ఈ ఒక్కరోజు వాదం కాదని
బన్ను నములుతున్న తెప్పో మొహంలో తెలిసింది.

వెళ్లే ముందు ఆయన నిలబడే ఒక గీత గీశాడు,
టీ కొట్టి వెనక్కి తీసుకున్నాడు.
"ఇంకా ఉంది," అన్నాడు. ఏది అని అడగలేదు.

సాయంత్రం ఫైలు తెరిచి
ఎస్‌కి సాగదీయడం ఇచ్చాను.
కామా, చుక్క, ఆజ్ఞ. సెమికోలన్:
; ఇల్మా రాసింది. కాఫీ కైసుది కాదట.

సేవ్ చేశాను.
వేలు మాత్రం
ఇంకా గాలిలోనే ఉంది.