నలభై ఒకటో బొమ్మ

వింజమూరు దాటాక ఆ చిన్న బడిలో
మధ్యాహ్న భోజనం బియ్యం మూటల గదే మా ప్రయోగశాల.
ఒక ల్యాప్‌టాప్, ఒక బ్యాటరీ పెట్టె,
గోరువెచ్చని ఉప్పునీళ్ళలో నానుతున్న
ముప్పై రెండు స్పాంజి గుండీల టోపీ.

చెంచులక్ష్మికి ఏడేళ్ళు.
ఫోటో తీస్తారనుకుని వాళ్ళమ్మ
అరచేతినిండా కొబ్బరినూనె పట్టించి
రెండు జడలు బిగించి, కనకాంబరాలు పెట్టి పంపింది.
నూనె దాటి కబురు రాదు తల్లీ,
అని నసిగి
బోరింగు దగ్గర రూపాయి షాంపూతో
రెండుసార్లు రుద్దాను నేనే.
పూలు కిటికీలో పెట్టాను.

"షాక్ కొడతాదా అక్కా?"
కొట్టదు. మేం లోపలికి ఏమీ పంపం.
గోడకు చెవి ఆనించినట్టు, అంతే.
"నేననుకునేవన్నీ తెలిసిపోతాయా?"
తెలియవు.
పక్కింట్లో ఎవరో లేచారని తెలుస్తుంది,
ఎందుకు లేచారో తెలియదు.

ఒక ఇల్లు. ఒక మొహం. ఒక కుర్చీ.
తలకిందులుగా ఇంకో మొహం.
ఒక్క బొమ్మకు గీతలో ఏమీ దొరకదు,
అంతా ఈదురుగాలి.
అరవై సార్లు కలిపి సగటు తీస్తే గానీ
ఆ చిన్న దిగుడు బయటపడదు,
రెప్ప పడి లేచేలోపు,
ఎవరో తెలియకముందే
ఎవరో ఉన్నారని మెదడు తలుపు తీసిన చోటు.

విరామంలో బిస్కట్టు కొరుకుతూ అడిగింది:
"ఒకే యమ్మిని ఇన్నిసార్లు ఎందుకు చూపిస్తా ఉండారు?"
వాళ్ళు ఇరవై మంది.
ఏదో మంచుదేశంలో, జుట్టు వెనక్కి కట్టి,
బూడిదరంగు గోడ ముందు నిలబెట్టి తీసిన ఇరవై మంది.
నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

రెండో విడత గొర్రెలు.
జంతువులు కూడా కావాలని పెద్ద సారు అంటే
మొన్న ఎండాకాలం సంతలో నా ఫోనుతో తీసినవి,
ముప్పై జోడిపులు.
తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక, మూతికి మసి.
నా మటుకు నాకు
ఒకే గొర్రె ముప్పై ఫోటోలు.

కదలొద్దు, మాట్లాడొద్దు, అన్నీ చెప్పే ఉన్నాం.
నలభై ఒకటో బొమ్మకు
పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.
"అక్కా! మా చెవిటిది!
మా నాయన అమ్మేసినాడే, అదీ!
యాడుండాదక్కా? మేస్తా ఉండాదా?"

తెర మీద ముప్పై రెండు గీతలూ
ఒక్కసారిగా చెల్లాచెదురు.

ఫోటో తీసి ఐదు నెలలు.
సంత నుంచి లారీలు ఎటు పోతాయో నాకు తెలుసు.
"మేస్తా ఉండాది," అన్నాను.
ఆ పిల్ల గొర్రెను వదిలి
నా మొహం చూసింది.
ఎక్కువసేపేం కాదు.
వచ్చి కూర్చుని, టోపీ పట్టీ తనే సర్దుకుంది.

రాత్రి లాడ్జిలో లెక్క తీశాను.
గొర్రెలకు కూడా ఆమె గీత
మనుషులకు దిగినంత లోతూ దిగింది.
ఒక్క పిల్లను పట్టుకుని ఏమీ చెప్పకూడదన్నారు సారు.
నిజమే, చెప్పకూడదు.

నలభై ఒకటి: కదలిక, మాట. తీసివేత.
నోటుబుక్కులో రాశాను.
తీసేసిన ఆ రెండు సెకన్లను
విడిగా ఒకచోట దాస్తుంటే
పేరేమిటని అడిగింది కంప్యూటరు.
చెవిటిది, అని కొట్టాను.