తేదీ లేని ఇరవై

సాయంత్రం ఆరు దాటాక గ్రిమ్స్‌బీలో
సముద్రం వాసన లాండ్రీ లోపలికీ వస్తుంది.
చేపల మార్కెట్ కుర్రాళ్ల జెర్సీలు
ఆఖరి డ్రయ్యర్లో దొర్లి దొర్లి ఆగాక
తలుపుకున్న బోర్డు తిప్పేసి
తొమ్మిది యంత్రాల పొట్టలు తెరుస్తాను.
అన్నీ ఇరవై పెన్నీలే.
ఏడు మూలల చిన్న బిళ్లలు,
ఇంకా వెచ్చగా,
మూకుట్లోంచి అప్పుడే దింపిన శనగల్లా.

లెక్క బ్రెండాది, వెతుకులాట నాది.
ఆమె పదేసి చొప్పున దొంతర్లు పేర్చుకుంటూ పోతుంది.
నేను బియ్యంలో బెడ్డలేరినట్టు
బొటనవేలితో ఒక్కొక్కటీ పక్కకి తోస్తాను.
ఇది జిబ్రాల్టర్‌ది.
ఇది మ్యాన్ దీవి నుంచి ఎవరి జేబులోనో పడవెక్కింది.
ఇది నాణెమే కాదు,
క్లీథోర్ప్స్ ఆటల కొట్టు టోకెను,
ఏ పిల్లాడో మా డ్రయ్యర్ని మోసం చేశాడు.
సబ్బుపొడి గల్లాలో రెండు పెన్నీలకి
ఫ్రిజ్ మీది అయస్కాంతం చూపిస్తాను.
కొత్తవి ఎగిరొచ్చి అతుక్కుంటాయి.
పాతవి, ఎక్కువ రాగివి,
ఉలకవు, పలకవు.

మొన్న గురువారం ఒకటి వేలికింద ఆగింది.
ఇటు రాణి, అటు సింహం ముక్క.
తేదీ ఎటూ లేదు.
సబ్బునీళ్లలో కడిగాను,
ట్యూబులైటు కింద వాల్చి చూశాను.
అరుగుదలైతే ఆనవాలుంటుంది,
చెరిపిన ముగ్గుకి తెల్లటి మసక మిగిలినట్టు.
దీనిమీద అసలు రాయనే లేదు.

బ్రెండా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టింది.
పోయిన వాళ్లాయనకి నాణేల పిచ్చి.
"రెండువేల ఎనిమిదిలో బొమ్మ మార్చారు.
అప్పటిదాకా వెనకున్న తేదీని
ముందుకి జరిపారు.
ఓ విడతలో పొరపాటున
పాత ముఖం, కొత్త వీపు అతుక్కున్నాయి.
వీపు రాసుంటుందని ముఖం,
ముఖం రాసుంటుందని వీపు, ఊరుకున్నాయి.
యాభై పౌండ్లయినా ఇస్తారు పిల్లా!"

నాకు నవ్వొచ్చింది. ఎందుకో ఆమెకి చెప్పలేదు.

నాన్న పంచాయతీలో రాయించాడని అమ్మ అనుకుంది.
మంత్రసాని చెప్పేసిందని నాన్న అనుకున్నాడు.
బళ్లో అప్పలనరసయ్య మాస్టారు
నా కుడిచెయ్యి తలమీంచి ఎడమచెవికి
అందుతుందో లేదో చూసి
జూన్ ఒకటి, అని రాసేశారు.
ఆ ఏడు చేరిన పద్నాలుగు మందిమీ
ఒకే రోజు పుట్టాం.

అమ్మ లెక్క వేరు.
మా వీధికి కరెంటొచ్చిన రెండో రాత్రట.
స్విచ్ ముట్టుకుంటే ఏమవుతుందోనని
తెల్లవార్లూ బల్బు వెలగనిచ్చారట.
ఆ వెలుతురుకి కళ్లు చికిలించుకునే పుట్టానట.
ఏ నెలమ్మా అంటే
ఉక్కగా ఉండేదే, అంటుంది.

ఇక్కడ ఆస్పత్రి కిటికీ దగ్గర, బ్యాంకు ఫోన్లో,
నేను నేనేనని తేల్చుకోడానికి
పుట్టిన తేదీ అడుగుతారు.
తడుముకోకుండా చెబుతాను.
ముప్ఫై ఏళ్లు చేతులు మారితే
చెల్లనిదీ చెల్లుతుంది.

నా పర్సులోంచి మామూలు ఇరవై ఒకటి
లెక్కలో వేసి దాన్ని తీసుకున్నాను.
"అమ్ముతావా?" అంది బ్రెండా, కోటు తొడుక్కుంటూ.
జవాబు తోచక
నాలుగో నంబరు డ్రయ్యర్ గాడిలో పెట్టాను.
యంత్రం ఏమీ అడగలేదు.
టక్కున మింగి
ఖాళీ కడుపుతో తిరగడం మొదలెట్టింది.
తాళంచెవి నా దగ్గరే ఉంది,
తర్వాత తీసుకోవచ్చు.
గాజుతలుపుకి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను.

బ్రెండా లైటు ఆర్పబోయింది.
"ఉండనీ," అన్నాను,
"అది ఆగేదాకా."