లెన్స్ లేదు

శుక్రవారం సంతలో
పాత కూలర్ మోటార్లకూ ఒంటి చెప్పులకూ నడుమ
అబూ ఖలఫ్ దుప్పటి మీద దొరికింది.
మూడు దినార్లన్నాడు. లేచాను.
మోచెయ్యి పట్టి కూర్చోబెట్టి
రెండున్నరకు ఒప్పుకున్నాడు.

జపాన్ గాజు, యాభై మిల్లీమీటర్లు,
నాకంటే ఏడేళ్లు పెద్దది.
లోపల నెయ్యి పేరుకున్నట్టు పసుపు.
రింగు తిప్పితే కరకర,
ఏ ఎడారిలో ఎవరి సంచీలో తిరిగిందో.

పసుపుకు మందు ఎండేనని ఎవరో చెబితే
ఫర్వానియాలో మా గది మేడమీద
నీళ్ల ట్యాంకు పక్కన వెండికాగితం పరిచి
జూన్ అంతా పడుకోబెట్టాను.
మా అందరినీ మాడ్చి బొగ్గు చేసిన ఎండ
దీన్నొక్కదాన్నే కడిగి తెల్లగా చేసింది.
లోపలి గ్రీజు మాత్రం కరిగి
కత్తెర రేకుల మీదికి పాకింది.
ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్టూడియోలో కెమెరా కొత్తది, కఫీల్‌ది.
కడుపులో అద్దం లేనిది.
కళ్లు ఎక్కడున్నాయో అదే వెతుక్కుంటుంది,
పచ్చ గడి వేసి పట్టుకుంటుంది,
నేను మీట నొక్కే కూలీని.
అకామా ఫొటోలు, రోజుకు నూట ఇరవై ముఖాలు.
ఒక్కటీ నా చేతికి తగలదు.

ఈ ముసలిదానికీ ఆ పిల్లదానికీ వియ్యం కలిపింది
ఒక అల్యూమినియం ఉంగరం.
ఒకవైపు మరచుట్లు, ఒకవైపు కొక్కేలు,
లోపలంతా ఖాళీ, గాజు పలుకైనా లేదు.
ఉండాల్సినంత దూరంలో ఉంచడమే దాని పని.

బిగించగానే తెర మీద రాత:
లెన్స్ లేదు.
చేతిలో పావుకిలో బరువుంది,
దానిలోంచి వెలుతురు పడుతోంది,
ఎదురుగోడ మీది క్యాలెండర్లో ఎర్ర అంకెలు కూడా కనిపిస్తున్నాయి.
అయినా లేదట.
మెనూలో ఐదో పేజీకి పోయి
లెన్స్ లేకున్నా తీయనివ్వమంటే
అప్పుడు తీయనిచ్చింది.

ఆమ్నెస్టీ ఇచ్చిన వారం
దుబ్బరాజం వచ్చాడు ఔట్‌పాస్ ఫొటోకి.
పదకొండేళ్లు ఖల్లివెల్లి.
వఫ్రా తోటల్లో టమాటాలకు నీళ్లు కట్టాడు,
ఏ కాగితం మీదా లేకుండా.
తెల్ల పరదా ముందు కూర్చోబెట్టి
కొత్త లెన్స్‌తో అరనిమిషంలో ముగించాను.
నాలుగు కాపీలు.
“అయిపాయెనా?” లేవబోయాడు.
“కూసో, ఇంకొకటి.”
“గా పాతదేందే, నడుస్తదా?”

నడుస్తుంది, నడిపిస్తే.
రింగు తిప్పుతుంటే
తెర మీద పదునైన అంచుల వెంట ఎర్రచీమల బారు:
ముందు చొక్కా గుండీ, తర్వాత గడ్డం,
ముక్కు మీద ఏదో తీగ గీరిన గాటు,
కనురెప్ప దాకా ఎక్కాయి.
ఊపిరి బిగబట్టి అరంగుళం వెనక్కి ఒరిగాను.
మర్యాదకు అతనూ ఒరిగాడు.
చీమలు చెదిరిపోయాయి.
మళ్లీ గుండీ దగ్గర్నుంచి.

“గింతసేపు ఎవ్వరు సూడలే నా దిక్కు,” అన్నాడు,
ఫిర్యాదులా కాదు,
జీతం లెక్క చెప్పినట్టు.

ఫైలు తెరిస్తే
తేదీ ఉంది, గంటా నిమిషమూ ఉన్నాయి,
లెన్స్ పేరు దగ్గర రెండు చిన్న గీతలు.
ఎంత తెరిచానో రాయాల్సిన చోట సున్నా.

కళ్లు తప్పిపోయాయి, వెంట్రుకవాసిలో.
పదునంతా ఎడమ చెవి మీద పడింది:
ఎన్నడో కుట్టి పూడిపోయిన పోగు బెజ్జం,
దాని పక్కన మూడు తెల్ల వెంట్రుకలు.
చెడిందని తుడిచేయబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
“ఉండనియ్యే. గా చెవు మా నాయినది.”

ప్రింటు తీసి కవర్లో పెట్టాను,
ఆ నాలుగింటితో కలవకుండా విడిగా.
కఫీల్ కారు ఆగిన చప్పుడు.
ఉంగరం విప్పుతుంటే
వేళ్లకు గ్రీజు.