సుద్దగీతల డేరా

పలకరాతి గుట్టల నడుమ ఊరు మాది, వేల్స్ ఉత్తరాన.
వాన మాకు చుట్టం కాదు,
అద్దె కట్టకుండా పై వాటాలో కాపురముంటుంది.

బిస్కెట్ల డబ్బాలో రెండు వందల నలభై పౌండ్లు.
అందులో పదకొండు ఇవోర్‌వి,
ఊడిన పళ్ళకు బదులుగా దిండు కింద దొరికినవి.
అప్పు తీసుకున్నానని మూత లోపల రాశాను.
వాడు చదివి, సంతకం ఏదీ అన్నాడు.

మేం ఏడుగురం.
టెంటు పెట్టె మీది బొమ్మలో ఎనిమిది మంది నవ్వుతున్నారు.
బడి వంటింట్లో పంతొమ్మిదేళ్ళుగా గరిటె తిప్పుతున్నదాన్ని,
పొట్లం మీద ఎనిమిది మందికి అని ఉంటే
ఐదుగురికి వడ్డించేసరికే
గిన్నె అడుగు కనిపిస్తుందని నాకు తెలుసు.

అందుకే ఆదివారం ఇంటి వెనక సందులో
సుద్దముక్కతో గీశాం.
పొడవు ఆరు మీటర్ల ముప్పై, వెడల్పు మూడుంబావు.
పడుకోండి, అన్నాను.
కవలలు హెలెద్, నోన్ అందరికన్నా ముందు దొర్లారు.
గెథిన్ పాదాలు గీత దాటి వసారాలోకి వెళ్ళాయి.
పదమూడేళ్ళ లౌరి మాట్లాడకుండా సుద్ద లాక్కుని
తనకూ మాకూ మధ్య ఒక గోడ గీసుకుంది.
తలుపు గీయలేదు.

మా అత్త మర్గెడ్ కుర్చీ తెచ్చుకుని గీతల్లో కూర్చుంది.
"పడుకుంటే మళ్ళీ లేపేదెవరు?
అది సరే, రాత్రిపూట బకెట్ ఎక్కడ పెడతారు?"
ఎవ్వరికీ తట్టలేదు.
ఒక మూల ఆవిడే గీసింది, చిన్న చదరం, గట్టిగా నొక్కి.

టపా ఎమ్రిస్ గీత దగ్గర ఆగి
బూట్లు తుడుచుకున్నాడు.
"లోపలికి రావచ్చా?"
కరెంటు బిల్లు చేతికిచ్చి, ఆకాశంలోకి చూసి,
"మీ డేరా కారుతుందమ్మా" అన్నాడు.
అతను మలుపు తిరిగేలోపే మా ఇల్లు
తెల్లగా కాలువలోకి పారిపోయింది.

బాంగోర్ దుకాణంలో
గాలి నింపితే లేచి నిలబడేవి ఉన్నాయి, ఆరు వందలు.
గెథిన్ వాటిని తట్టి చూశాడు,
కొనలేనివాళ్ళు తట్టినట్టు, కొంచెం ఎక్కువసేపు.
నూట తొంభైకి ఒకటుంది, ఉల్లిపొర గుడ్డ.
కుర్రాడు అంకె చదివాడు:
"పదిహేను వందల మిల్లీమీటర్ల నీటిని ఆపుతుందండీ."
"ఏ ఊరి నీటిని?" అంది అత్త.
వాడు పెట్టె నాలుగు వైపులా తిప్పి వెతికాడు.

చివరికి బాలాలో, డెలిత్ అనే ఆవిడ గ్యారేజీలో.
రెండు వేసవులు చూసిన మందపాటి గుడ్డ,
ఒక కడ్డీకి నీలం టేపు,
విప్పగానే తడి గొంగళి వాసన.
లోపలి గోడ మీద ఎవరో పిల్లాడు పెన్నుతో
ఒక చేప గీసి, దానికి కాళ్ళు పెట్టాడు.
రెండు వందల అరవై చెప్పింది.

బేరం నాకు చేతకాదు.
తోట గొట్టం అడిగాను.
గెథిన్ బయట నుంచి కొట్టాడు, ఇరవై నిమిషాలు.
నేను లోపల, కాళ్ళ చేప పక్కన, ఒంటరిగా.
చాలా ఏళ్ళయింది అంతసేపు ఊరికే కూర్చుని.
ఇంకాస్సేపు కొట్టమని ఉంది.
పద్దెనిమిదో నిమిషంలో
కుట్టు దగ్గర నుంచి ఒక్క బొట్టు, నా మణికట్టు మీద.
ఆ చెయ్యి అలాగే పట్టుకుని బయటికొచ్చి చూపించాను.
డెలిత్ చూసింది. "రెండు వందల పదిహేను" అంది.

కుట్లకు పూసే జిగురు, ఆరు.
ఇవోర్ బాకీ, పదకొండు. మూత మీద కొట్టేశాను.
మిగిలినవి ఎనిమిది పౌండ్లు,
పెట్రోలుకు చాలవు, చేపల వేపుడుకు ఇద్దరికి వస్తాయి.

ఆగస్టు, సముద్రం ఒడ్డు, మొదటి రాత్రి.
గెథిన్ పాదాలు కొలిచినట్టే వసారాలో.
లౌరి గుడ్డ గోడకు జిప్పు ఉంది, వేసుకుంది.
బకెట్ దాని చదరంలో ఉంది.
ఒంటిగంటకు మొదలైంది,
ముందు వేళ్ళతో, తర్వాత పిడికిళ్ళతో.
అందరం మేలుకుని, అందరం నిద్ర నటిస్తూ,
తలా ఒక కుట్టును కాపలా కాస్తున్నాం.

చీకట్లో అత్త గొంతు, తీరిగ్గా:
"ఇది మన ఊరిదే.
వెనకాలే వచ్చింది."