సీలు లేని కాగితం

మార్కాపురం కోర్టు వెనక సందులో
ముప్పై రెండేళ్ళు ఆయన దగ్గర గుమాస్తాని.
నా పేరు దస్తగిరి. వేళ్ళ మీది ఇంకు మరకలు
వజూ చేసుకున్నా ఇప్పటికీ పోవు.

ప్లీడరు చెన్నకేశవులు గారి గోడకి ఒక పలక వేలాడేది,
మన ఊరి పలకే, చెక్క చట్రం ఒక మూల ఊడింది.
రావలసిన ఫీజులు దాని మీద బలపంతో రాసేవారు.
సాయంత్రం తాళం వేసే ముందు
తడిగుడ్డ నా చేతికిచ్చి
"తుడువు దస్తగిరీ, అప్పులు పెట్టుకుంటే నిద్రపట్టదు" అనేవారు.
ఎవరి అప్పులని నేను అడగలేదు.
ఇంట్లో మాణిక్యమ్మ గారు అడిగేవారు,
పాలవాడు వచ్చిన ప్రతి ఒకటో తారీకూ.

గెలిచిన కేసులు తక్కువ. ఉన్నమాట చెప్పాలి.
గొంతు చిన్నది, ఇంగ్లీషు అంతకన్నా చిన్నది.
జడ్జి గారు తల ఎత్తకముందే వాయిదా పడేది.
గనుల్లో పలకరాయి చీల్చి చీల్చి
రొమ్ములో దుమ్ము గట్టిపడ్డ వాళ్ళు
దగ్గుకుంటూ మెట్లెక్కి వస్తే
తన కుర్చీ వాళ్ళకిచ్చి
ఆయన బల్ల అంచున కూర్చునేవారు.

పదకొండు మంది. పన్నెండేళ్ళు.
మొదట వాళ్ళు వచ్చేవాళ్ళు,
తర్వాత వాళ్ళ పెళ్ళాలు వచ్చేవాళ్ళు.
వకాల్తా మీద వేలిముద్రలు మారాయి,
కేసు నంబరు మారలేదు.
ఈలోగా ప్లాస్టిక్ పలకలొచ్చి
ఫ్యాక్టరీలకి తాళాలు పడ్డాయి.
హైకోర్టులో అప్పీలు కొట్టేసిన రోజు
ఆయన మజ్జిగ కూడా ముట్టలేదు.

వారం తిరక్కుండా
తర్లుపాడు దారిలో మూడెకరాల మెట్ట అమ్మేశారు.
కందిచేను, కాయ మీదుంది.
నన్ను మిషను ముందు కూర్చోబెట్టి చెప్పారు:
"కోర్టు వారి ఉత్తర్వు ప్రకారం
మృతుని భార్యకు చెల్లించు నష్టపరిహారం..."
నా వేళ్ళు ఆగిపోయాయి.
"అయ్యా, ఇది దొంగ కాగితం."
"అవును. కొట్టు.
ధర్మమంటే తీసుకోరు వాళ్ళు.
గెలిచామంటే తీసుకుంటారు."

పదకొండు కాగితాలు.
కార్బన్ పెట్టొద్దన్నారు.

ఆయన పోయి ఆరేళ్ళు.
నిన్న సాయమ్మ మనవరాలు వచ్చింది,
ఒంగోల్లో లా చదువుతోంది, రెండో ఏడు.
ట్రంకుపెట్టె అడుగున దొరికిందట,
మడతల దగ్గర చిరిగిన కాగితం.
"తాతా, దీనికి సీలు లేదేం?
తీర్పు తేదీ చూడు, ఆదివారం పడింది."

నా టైపులో తప్పు పట్టిన జడ్జీలు చాలామంది.
ఇంత బాగా ఎవరూ పట్టలేదు.

ఏం చెప్పను?
గోడ మీది పలక తీసి చేతికిచ్చాను.
వెలుతురుకి అటూ ఇటూ వంచి చూసింది.
"ఖాళీగా ఉంది."
నేను మాట్లాడలేదు.
సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయేదాకా
ఆ పిల్లా మాట్లాడలేదు.

కాగితం పాత మడతల్లోనే మడిచి
పుస్తకంలో పెట్టుకుంది.
"మా అమ్మకి చెప్పను తాతా.
కేసు గెలిచామని ఇప్పటికీ
కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తుంది."

మెట్లు దిగుతూ
ఆ ఆదివారం గుర్తొచ్చి కాబోలు
ఒక్కసారి గట్టిగా నవ్వింది.